అంకుల్ దాచిన స్ప్రింగులు

పోయిన మంగళవారం పొద్దున పక్కింటి ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ ఇక లేరు బాబూ. నిద్రలోనే పోయారు" అన్నారు. అప్పుడు నేను గరాజ్‌లో, ఆయన దగ్గరుండి బాగుచేయించిన కారు పక్కనే ఉన్నాను.

అమెరికాలో మేముండే నోవై ఊళ్ళో ఏడేళ్ళుగా మావి పక్కపక్క ఇళ్ళు. ఆయన ఒక కార్ల కంపెనీలో కుదుపులు తెలియకుండా చేసే సస్పెన్షన్ విభాగంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేను సాఫ్ట్‌వేర్. కార్లంటే మోజే తప్ప, వాటి గురించి నాకు తెలిసింది సున్నా. మూడేళ్ళ కిందట స్పోర్ట్స్ కారు కొని, నేలకు ఆనుతున్నట్టుంటే స్టైల్‌గా ఉంటుందని చక్రాల దగ్గర పొట్టి స్ప్రింగులు వేయించాను. కారుతో వచ్చిన అసలు స్ప్రింగుల్ని చెత్తడబ్బా పక్కన పెట్టేశాను. ఆ రోజు నుంచి ఇంటి ముందు డ్రైవ్‌వే దిగి రోడ్డెక్కినప్పుడల్లా బంపర్ నేలకు గీసుకుని కర్రుమనేది. ఆ చప్పుడుకి అంకుల్ కాఫీ కప్పుతో వరండాలోకి వచ్చేవారు. "ఇవాళ ఎంత చెక్కావయ్యా?" అని అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది.

మొన్న చలికాలంలో మా ఆవిడ మంచు మీద జారిపడింది. మోకాలికి ఆపరేషన్ అయింది. ఆదివారాలు ఇద్దరం కార్లో ఊరి బయటికి వెళ్ళడం పెళ్ళయినప్పటి నుంచీ మాకు అలవాటు. ఏప్రిల్‌లో మళ్ళీ బయల్దేరాం. కూర్చోవడమైతే కూర్చుంది గాని, సీటు మరీ కిందికి ఉండడంతో దిగేటప్పుడు లేవలేకపోయింది. చంకల కింద చేతులు వేసి లేపాను. "ఇంక నీ కార్లో నువ్వే తిరుగు" అని లోపలికి వెళ్ళిపోయింది. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది, అందుకే భయం వేసింది.

కారు అమ్మేస్తానని అంకుల్‌తో చెప్పాను. ఆయన తన గరాజ్‌లోంచి పాత దుప్పటి మూట ఒకటి మోసుకొచ్చారు. విప్పితే నా స్ప్రింగులే. నాలుగూ శుభ్రంగా తుడిచి, ఏది ఏ చక్రానిదో చాక్‌పీస్‌తో రాసి ఉంచారు.

"చెత్తలో చూసి ప్రాణం ఒప్పలేదయ్యా. ఎప్పటికైనా అడుగుతావనుకున్నా."

మూడేళ్ళు దాచారు. అన్నాళ్ళూ నన్ను వెక్కిరించారే గాని, ఈ సంగతి ఒక్కసారి కూడా నోరు జారలేదు.

పనికి రెండు శనివారాలు పట్టింది. ఆయన స్టూల్ మీద కూర్చుని చెబుతుంటే నేను చేశాను. కారు ఇంకా జాకీల మీద గాల్లో ఉండగానే హుషారుగా బోల్టులన్నీ బిగించేశాను. అన్నీ మళ్ళీ వదులు చేయించారు.

"ఇప్పుడు బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడుతుంది. ముందు కారు కిందికి దించి, దాని బరువు దాన్ని మోయనీ, అప్పుడు బిగించు."

గొణుక్కుంటూనే చేశాను. చివర్లో చక్రం పైన కారు అంచు ఎంత ఎత్తులో ఉండాలో మా గరాజ్ గోడ మీద పెన్సిల్‌తో రాశారు. "స్ప్రింగులు సర్దుకోవాలి. వారం నడుపు, తర్వాత కొలుద్దాం" అన్నారు. మా ఆవిడ మాత్రం "అంకుల్ ఓకే అంటేనే ఎక్కుతా" అంది. మూడో రోజునే ఆంటీ ఫోన్ వచ్చింది. ఆయనకు థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదు నేను.

శనివారం అంత్యక్రియలు. బయల్దేరే ముందు టేపు తీసి నాలుగు చక్రాల దగ్గరా కొలిచాను. సరిగ్గా గోడ మీదున్న అంకే వచ్చింది. మా ఆవిడ ఆ అంకె వైపు కాసేపు చూసింది. తర్వాత తలుపు తీసి, నా చెయ్యి అందుకోకుండా తనంతట తానే ఎక్కి కూర్చుంది.

"రేపు కూడా వెళ్దాం" అంది.

డ్రైవ్‌వే చివర అలవాటుగా పళ్ళు బిగపట్టాను. చప్పుడు రాలేదు. అయినా ఇద్దరం పక్కింటి వరండా వైపే చూశాం.