తువ్వాల చాటున సిరిసిల్ల ప్రయాణం

మా పాపకు ఐదు నెలలు. ఎడమ బుగ్గ మీద ఎర్రగా ఉబ్బిన మచ్చ ఉంది. అది రక్తనాళాల గడ్డ అని చెప్పి జగిత్యాలలో పిల్లల డాక్టరు ప్రోప్రనలాల్ చుక్కలు రాసింది. తమ్ముడి నిశ్చితార్థానికి సిరిసిల్లలోని పుట్టింటికి వెళ్తూ, దారిలో ఆవిడకు చూపిద్దామని కోరుట్లలో ఏడున్నర బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు డబ్బుల్లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. పసిపిల్లతో వెళ్లేవాళ్లు ముందు సీట్లలో కూర్చోండి, కుదుపు తక్కువ.

జగిత్యాలలో దిగి వెళ్తే డాక్టరు పాప గుండె వేగం చూసింది. మచ్చ రంగు తగ్గుతోందంది.

"నిద్రల ఉలిక్కిపడుడు, చేతులు సల్లబడుడు కొందరికి ఉంటది. పాలు తాగినంకనే మందు వెయ్యాలమ్మా. ఆకలి మీద వేస్తే షుగర్ పడిపోతది. పాలు తాగకుంటే ఆ పూట మందే వద్దు."

తలూపాను. ఈ మాట వినడం మొదటిసారేమీ కాదు.

బస్టాండులో ఇడ్లీ తిన్నాను. పాలు బస్సులో పడదాంలే అని పాపకు చుక్కలు మాత్రం వేసేశాను. పదిన్నరకు వేములవాడ మీదుగా పోయే బస్సు దొరికింది. కిక్కిరిసి ఉంది. పక్క సీట్లో సారంగాపూర్ పెద్దావిడ ఒకామె పాప ముఖం మీది తువ్వాల అంచు ఎత్తింది.

"గిదేంది బిడ్డా, గ్రహణంల బయట తిరిగినవా?"

"దోమ కుట్టింది" అని తువ్వాల లాక్కున్నాను. దుబాయిలో ఉన్న మా ఆయనకు వీడియో కాల్ చేసినా కుడి బుగ్గే చూపిస్తాను. మచ్చ సంగతి ఆయనకు తెలుసు. ఆయన గదిలో ఉండే మిగతావాళ్లకు తెలియకూడదని అలా చేస్తాను.

నిద్రలో కప్పితే ఊరుకుంటుంది గానీ, పాలు తాగేటప్పుడు ముఖం మీద గుడ్డ ఉండనివ్వదు పాప. అందుకే పాలు పట్టలేదు. కొడిమ్యాల దాటినా ఏడవలేదు. హాయిగా నిద్రపోతోందని సంతోషించాను కూడా.

పెద్దావిడే పాప పాదం తాకి ఉలిక్కిపడింది. "కాళ్లు మంచు లెక్కున్నయ్! పోరిని లేపు!"

తువ్వాల తీశాను. నుదుటి నిండా చెమట. మెడ వాలిపోయింది. పిలిస్తే సగం కళ్లు తెరిచి మళ్లీ మూసింది.

"మచ్చకు మందేసిన, పాలు పట్టలే!" అని బస్సంతా వినేలా ఏడ్చాను.

పెద్దావిడ కొంగు అడ్డం పట్టింది, పాలు పట్టాను. పాప కొంచెం చప్పరించి ఆగింది, మళ్లీ అందుకుంది. వేములవాడలో కండక్టరు దవాఖాన ముందే బస్సు ఆపించి, "జల్ది దిగమ్మా" అన్నాడు. పెద్దావిడ కూడా నాతో దిగింది. మడమ గుచ్చి చూస్తే షుగర్ బాగా పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించాక పాప గట్టిగా ఏడ్చింది.

"ముఖమెందుకు కప్పినవ్?" అని, పెద్దావిడ జరిగింది చెప్పాక, అక్కడి డాక్టరు అడిగాడు.

"ఎండకు" అన్నాను. బయట ముసురు పడుతోంది. పెద్దావిడ నా వైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం నాన్న బట్ట నేసే సాంచాలు బంద్ పెట్టి, ఆటోలో వచ్చి సిరిసిల్లకు తీసుకెళ్లారు. జగిత్యాల డాక్టరుతో ఫోన్లో మాట్లాడాకే మందు మళ్లీ మొదలుపెట్టాను.

నిశ్చితార్థం అయిన మర్నాడు, కడుపునిండా పాలు పట్టి, ఆ తర్వాత మందు వేసి, తిరుగు బస్సు ఎక్కాను. పాప ముఖం మీద ఏమీ కప్పలేదు. పక్కన కూర్చున్న అమ్మాయి అడగనే అడిగింది.

"బుగ్గకేమైందక్కా?"

"రక్తనాళాల గడ్డ. మందు వాడుతున్నం."

"తగ్గుతదా?"

"తగ్గుతదట."

"మంచిది. జర జరుగక్కా, సంచి పెట్టుకుంట."

అంతే. ఈ నాలుగు మాటలకు భయపడి నా బిడ్డను ఆకలితో మాడ్చాను.