పలుచనిది ముందు, చిక్కనిది తర్వాత

నా కుడి చెంప మీద, కంటి కింద మొదలై దవడ దాకా, అరచేయంత నల్లమచ్చ ఉంది. మా పుట్టిల్లు ఎల్లారెడ్డిలోనూ, అత్తగారి కామారెడ్డిలోనూ దాన్ని చూసి ఏమైందని అడగని ఆడమనిషి లేదు. అడిగినప్పుడల్లా నేను నోరు తెరిచేలోపే మా ఇంట్లో ఎవరో ఒకరు "తాహేరా చేసిన పని" అని చెప్పేస్తారు. పన్నెండేళ్లుగా ఇదే జవాబు. పోయిన నెల తాహేరా ఖాలా చనిపోయింది. ఆ జవాబును సరిచేయగలిగిన మనిషిని ఇక నేనొక్కదాన్నే మిగిలాను. చేశానో లేదో మీరే చూడండి. ఆవిడ మీద నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు, అది ముందే చెబుతున్నాను.

ఖాలా అంటే పిన్ని, వాడంతా ఆవిడను అట్లాగే పిలిచేది. ఆవిడ పుట్టింది పెద్దకొడప్‌గల్‌లో. పదిహేనేళ్లకే ఎల్లారెడ్డి దర్జీ ఒకాయనకు ఇచ్చి చేశారు. ఐదేళ్లు కాపురం చేసి ఆయన కామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. కూర్చోబెట్టి తిండి పెట్టేవాళ్లు ఎవరూ లేరు. ఆవిడకు వచ్చిన పనులు రెండే. ఖురాన్ చదవడం, పెండ్లికూతుళ్ల మొహాలు తయారు చేయడం. పొద్దున అరుగు మీద మా వీధి పిల్లలందరినీ కూర్చోబెట్టి చదువు చెప్పేది. మధ్యాహ్నం పసుపు, గంధపు పొడి, కచ్చూరాలు దంచి చిక్సా చేసేది. చిక్సా అంటే మీ నలుగుపిండే, కాకపోతే వాసన ఎక్కువ. పక్కింట్లో బీడీలు చేసే రాములవ్వ కూడా మనవరాలి పెండ్లికి ఖాలానే పిలిచి నలుగు పెట్టించింది. ఖాలా వేళ్లు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. ఆ వేలితోనే మా తప్పు అక్షరం చూపించేది, ఆ చేత్తోనే చెవి మెలిపెట్టేది. ఒక్క అక్షరం జారినా ఒప్పుకునేది కాదు. అర్థం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకు ఎవరూ చెప్పలేదు మరి.

తర్వాత మా వైపు మగవాళ్లు మస్కట్, దమ్మాం పోవడం మొదలైంది. వచ్చినప్పుడు పెట్టెలనిండా సీసాలు, డబ్బాలు తెచ్చేవారు. మొహానికి ఏదో, ఒంటికి ఏదో, జుట్టుకు ఏదో. అన్నిటి మీదా అరబ్బీ రాత. ఇంట్లో ఆడవాళ్లు వాటిని తీసుకుని నేరుగా ఖాలా అరుగు మీదికి వచ్చేవారు. ఆవిడ సీసాను కండ్లకద్దుకుని, దాని మీదున్నదంతా రాగంగా చదివేది. వింటున్నవాళ్లు కొంగులు సర్దుకుని కూర్చునేవారు. చదివాక మూత తీసి వాసన చూసి, వేళ్ల మధ్య రాసి చూసి, ఇది మొహానిది, ఇది తలది అని చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది, ముక్కున్న ఎవరైనా అంతమాత్రం చెప్పగలరు. కానీ ఊళ్లో ఎవరూ అది ముక్కుతో చెబుతోందనుకోలేదు. చదివి చెబుతోందనుకున్నారు. ఖురాన్ చదవడం వేరు, అరబ్బీ తెలియడం వేరు. ఈ తేడా తెలియనివాళ్లు మా వాడలో లేరు. అవసరం పడ్డప్పుడు గుర్తొచ్చినవాళ్లూ లేరు.

సీసాలు పెరిగేకొద్దీ ఒక్క చిక్సాతో పని జరగలేదు. పెండ్లికూతుళ్లు అన్నీ రాయమనేవారు. దేని మీద ఏది రాయాలో ఎవరికీ తెలియదు. ఖాలా ఒక పద్ధతి పెట్టింది. "నీళ్లోలె ఉన్నది ముందు, పాలోలె ఉన్నది దాని మీద, వెన్నోలె ఉన్నది ఆఖరికి. పలుచనిది లోపలికి పోతది, చిక్కనిది దాన్ని బయటికి రానియ్యదు" అనేది. ఈ సూత్రం ఊరంతా పాకింది. బీడీలు చేసే ఆడవాళ్లు కూడా పొద్దున పనికి కూర్చునేముందు గులాబీ నీళ్లు, దాని మీద స్నో, దాని మీద పౌడరు వేసుకుని, తంబాకు చాటలు ముందు పెట్టుకునేవారు.

నా పెండ్లి ఎనభై ఆరులో కుదిరింది. పెండ్లికొడుకు లతీఫ్‌ది కామారెడ్డి. మస్కట్‌లో లారీ నడిపేవాడు. నలభై ఐదు రోజుల సెలవు మీద వస్తున్నాడు. పిల్లను చూసింది అతని తల్లి సాబేరా. అతను చూసింది నా ఫొటోను. స్టూడియోవాడు తన పనితనమంతా దాని మీద చూపించాడు. చామనఛాయ దాన్ని అందులో పాలమీగడలా ఉన్నాను. మా పెండ్లిళ్లలో జల్వా ఉంటుంది. వధూవరులను ఒకే ఎర్ర దుపట్టా కింద కూర్చోబెట్టి మధ్యలో అద్దం పెడతారు. పెండ్లికొడుకు మొదటిసారి భార్య మొహం చూసేది ఆ అద్దంలోనే. ఫొటోలో పిల్ల అద్దంలో లేకపోతే ఏం చేయాలి? మా అమ్మీకి కూడా అదే దిగులు. ఖాలా చేతులు పట్టుకుని, పెండ్లి శుక్రవారం నాటికి నా కూతురు ఫొటోలోలాగ ఉండాలని అడిగింది. ఖాలా నవ్వి సరేనంది.

పెండ్లికి ముందు పిల్లను పసుపు పూసి కూర్చోబెట్టే మాంజాకు సామాను పళ్లెం పెండ్లికొడుకు ఇంటినుంచి వచ్చింది. పళ్లెం నిండుగా కనబడకపోతే వాళ్లకు పరువు తక్కువ. సాబేరా అత్త కొడుకు తెచ్చిన సంచీని అట్లాగే పళ్లెంలో బోర్లించి పంపింది. ఆరు సీసాలు, రెండు డబ్బాలు. ఖాలా ఒక్కొక్కటీ చదివింది, వాసన చూసింది, పద్ధతి ప్రకారం వరుసగా పేర్చింది. అన్నిటికంటే పలుచగా, నీళ్లలాగా ఉన్నది ఒక చిన్న తెల్లసీసా. అది మొదటిదయింది.

మాంజాలో కూర్చున్న పిల్ల గది దాటి రాకూడదు. పసుపు బట్టలు మార్చకూడదు, ఐదు రోజులు తలంటు లేదు, మొహం కడగడం లేదు. పొద్దున ఖాలా వచ్చి తెల్లసీసా మందు దూదితో అద్దేది. దాని మీద పాలలాంటిది, దాని మీద రెండు రకాల క్రీము, పైన చిక్సా పట్టు. మొదటి రోజే మండింది. చెబితే, "తెల్లగయ్యేటప్పుడు జర మండుతది బేటీ, ఓర్సుకో" అంది. ఓర్చుకున్నాను. మూడో రోజు చెంప మీద తోలు పొరలు పొరలుగా లేచింది. కింద గులాబీ రంగు చర్మం బయటపడింది. ఖాలా మురిసిపోయింది. పాత రంగు ఊడిపోతోందని అమ్మీని పిలిచి చూపించింది. అమ్మీ నాకు దిష్టి తీసింది. నిజం చెప్పాలంటే నేను కూడా చేతి అద్దంలో చూసుకుని ఏడుపు ఆపుకుంటూనే సంతోషపడ్డాను. ఎడమవైపుకు తిరిగి పడుకునే అలవాటు నాది. అటు రాసిందంతా దిండుకు అంటుకుపోయి ఆ చెంప బతికిపోయింది. కుడిది ఐదో రోజుకు పచ్చిపుండయింది. అప్పుడు ఖాలా మొహం పాలిపోయింది. పుండు మీద స్నో రాసి, దాని మీద పౌడరు అద్ది, మొహం మీదికి పూల సెహ్రా ముసుగు దింపి నన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

జల్వాలో పెండ్లికూతురు కండ్లు మూసుకుని ఉంటుంది. "బీబీ, కండ్లు తెరువు, నేను నీ గులాంను" అని పెండ్లికొడుకు మూడుసార్లు అనాలి. చుట్టూ ఉన్న ఆడపిల్లలు అతన్ని ఆటపట్టిస్తూ అనిపిస్తారు. లతీఫ్ మొదటిసారి గట్టిగా అన్నాడు. రెండోసారి నవ్వుతూ అన్నాడు. అప్పుడు ఎవరో నా సెహ్రా పక్కకు తీసి అద్దం సరిచేశారు. మూడోసారి మాట రాలేదు. నేను కండ్లు మూసుకుని ఎదురుచూశాను. ఆడపిల్లలు అనమని రెట్టించారు. ఎంతసేపని మూసుకుంటాను? నా అంతట నేనే తెరిచాను. అద్దంలో పౌడరు తడిసి, చీమూ నెత్తురూ ఎర్రగా బయటికి కారుతున్నాయి. దాని పక్కన అతని మొహం లేదు. దుపట్టా కిందినుంచి తల బయటికి తీసేసుకున్నాడు.

పెండ్లయిన నాలుగో రోజు చౌతీ భోజనానికి పెండ్లికొడుకువాళ్లంతా మా ఇంటికి వచ్చారు. ఖాలా కూడా వచ్చింది, నా చెంపకు పెట్టడానికి ఏదో ఆకు నూరుకుని. అందరూ వాకిట్లో కూర్చుని ఉండగా సాబేరా అత్త కొడుకును అడిగింది. "నా మడిమెలకు మందు తెచ్చిన అంటివి గద బిడ్డా, ఏది? పెట్టెంత ఎతికిన, లేదు." ఎండాకాలం పొలంలో నడిచి నడిచి ఆవిడ మడమల నిండా వేలు దూరేంత పగుళ్లు. సంచీలోనే పెట్టానన్నాడు లతీఫ్. తెల్లసీసా అన్నాడు. అమ్మీ లేచి పళ్లెంలోంచి ఆ సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది. లతీఫ్ ఏడేళ్లు మస్కట్ బోర్డులు చదివి లారీ నడిపిన మనిషి.

"ఇది మడిమెల తోలు ఊడనీకి మందు" అన్నాడు. "మొహానికి తాకనియ్యొద్దని రాసి ఉన్నది. ఎవరు పెట్టిండ్రు దీన్ని?"

అందరూ ఖాలా వైపు తిరిగారు. ఆవిడ చేతిలో ఆకు ముద్ద అట్లాగే ఉంది. సదువుడు తప్పు పోలేదని మెల్లగా అంది. ఆ ఒక్క మాటతో అందరికీ ఒళ్లు మండింది. మా అమ్మీ ఆవిడను నోటికొచ్చినట్టు తిట్టి వాకిలి దాటించింది. వెళ్లేముందు ఖాలా నా వైపు చూసింది. నేను కొంగు మొహం మీదికి లాక్కున్నాను.

ఆ తర్వాత ఆవిడను ఎవరూ పెండ్లికి పిలవలేదు. అరుగు మీద పిల్లలు కూడా తగ్గి తగ్గి, ఏడాది తిరిగేసరికి ఒక్కరూ రాలేదు. పచ్చటి వేళ్లతో బీడీలు చుట్టుకుంటూ బతికింది. ఇక నా సంగతి. లతీఫ్ నన్ను వదిలేయలేదు. వదిలేయలేదు కనుక అతను దేవుడని మా వాళ్లందరూ అంటారు, నేను తల ఊపుతాను. పన్నెండేళ్లలో నాలుగుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా మచ్చలు పోయే క్రీములు తెస్తాడు, నా ఎడమ పక్కనే కూర్చుంటాడు. అవి నేను రోజూ రాసుకుంటాను, పలుచనిది ముందు, చిక్కనిది తర్వాత. ఆ తెల్లసీసాలో మిగిలింది పారబోయడం ఎందుకని సాబేరా అత్త తన కాళ్లకు రాసుకుంది. నెల తిరిగేసరికి ఆవిడ మడమలు పెండ్లికూతురి చెంపల్లా తయారయ్యాయి. అరబ్బీ రాత ఉన్న సీసా చెత్తలో వేయకూడదని ఖాళీది గూట్లో పెట్టింది. నేను పడుకునేచోట, నా నెత్తి మీద, అది ఇప్పటికీ అక్కడే ఉంది.

పెండ్లయిన రెండేళ్లకు ఒకరోజు ఉండబట్టలేక ఖాలా ఇంటికి వెళ్లాను. కూర్చోలేదు, నిలబడే అడిగాను. "అర్థం తెల్వదని ఒక్కమాట అంటే అయిపోతుండె గద ఖాలా?"

ఆవిడ చేతిలో బీడీ చుట్టడం పూర్తి చేసి, దారం కట్టి, అప్పుడు తలెత్తింది. "అట్లంటే నన్నెవరు పిలుస్తుండె బేటీ?" అంది. ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంటూ, "నువ్వు గూడ అనకపోతివి గద" అంది.

ఇంతసేపూ నేను మీకు చెప్పకుండా దాటవేసిన మాట ఇదే. మాంజా మొదటి రోజు ఖాలా తెల్లసీసా పట్టుకుని కొంచెంసేపు ఆగింది. దానికి ఏ వాసనా లేదు. కండ్లు మసకగా ఉన్నాయని, నువ్వు కూడా ఒకసారి చదివి చూడమని నా చేతికిచ్చింది. గదినిండా నా స్నేహితురాళ్లున్నారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న అందరిలోకీ బాగా చదివే పిల్లను నేను. రాగం తీసి మొదటినుంచి చివరిదాకా చదివాను, ఒక్క అక్షరం జారలేదు. వాళ్లంతా నా రాగాన్ని మెచ్చుకున్నారు, అది ఏ సీసానో ఎవరూ పట్టించుకోలేదు. ఖాలా ధైర్యంగా మూత తీసింది. ఏమి అర్థమైందని ఆవిడ అడగలేదు, ఏమీ అర్థం కాలేదని నేను చెప్పలేదు. చౌతీ నాడు వాకిట్లో అందరూ తిడుతుంటే, నా పేరెత్తి, బిల్కిస్ కూడా చదివిందని ఒక్కమాట అని ఉంటే ఆవిడ మీద సగం బరువు దిగేది. అనలేదు. చచ్చేదాకా ఎవరితోనూ అనలేదు. నా కోపం ఆ మచ్చ మీద ఎంతో, ఆవిడ నోరు మూసుకున్నదాని మీద అంత.

పోయిన నెలలోనే ఆవిడ జియారత్ జరిగింది, అంటే చనిపోయిన మూడో రోజు ఆడవాళ్లు కూర్చుని ఖురాన్ చదవడం. నా ముందు ఒక భాగం పెట్టారు, చదివాను. పక్కన సదాశివనగర్ నుంచి వచ్చిన ముసలావిడ, ఖాలాకు దూరపు చుట్టం, విని కండ్లు తుడుచుకుంది. ఇంత చక్కగా ఎవరు నేర్పారని అడిగింది. తాహేరా ఖాలా అని చెప్పాను. చెబుతుంటే నా కొంగు జారింది. ఆవిడ నా చెంప చూసింది.

"అయ్యో, నువ్వేనా ఆ పిల్లవు? నీ మొహం ఖరాబు చేసింది ఈమెనేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు చదవడం ఆపి నా వైపు చూశారు. ఆ సీసా నేను కూడా చదివానని చెప్పడానికే నోరు తెరిచాను.

"ఔ, ఆమెనే" అన్నాను.