పెద్దమ్మ పీకిన నీలిపువ్వు మొక్కలు

మా పెద్దమ్మ పంతొమ్మిదేళ్లు మొక్కల పరిశోధన తోటలో కలుపు తీసింది. అక్కడ కొన్ని మడుల్లో ఒకే రకం మొక్క ఉంటుంది, కొన్నింట్లో పదహారు రకాలు కలిపి పెంచుతారు. పక్కన ఎవరుంటే ఏ మొక్క ఎలా బతుకుతుందో చూడడానికి. మడికి రాసిపెట్టిన రకాలు తప్ప ఏది మొలిచినా పీకేయాలి. పెద్దమ్మకు కాగితం అక్కర్లేదు, ఆకు తడిమితే చాలు. ఆ విషయంలో ఆవిడకు కాస్త పొగరే. "తప్పు మొక్క పీకిన రోజు పని మానేస్తా" అనేది.

అదే తోటలో నేను మొక్కలు లెక్కపెట్టి రాస్తాను. కలుపు అనుకున్నదానికి ఎర్ర దారం కడతాను. పెద్దమ్మ వచ్చి పీకుతుంది.

ఆ ఏడు కలగలుపు మడిలో, ఆ పదహారు రకాల్లో ఒకటైన నీలిపువ్వు మొక్క ఒక్కటీ మిగల్లేదు. ఈ పరిశోధన చేసే సారు మాత్రం హుషారుగా ఉన్నారు. "చూశావా, గుంపులో ఇది నెగ్గలేదు. నాలుగేళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే" అంటూ నివేదిక రాయడానికి కూర్చున్నారు.

సాయంత్రం పెద్దమ్మ నన్ను షెడ్డు వెనక కలుపు కుప్ప దగ్గరికి పిలిచింది. ఆవిడ చేతిలో సన్నగా సాగిన మొక్క, గోరంత ఆకులు, కాండం మొదట్లో నా ఎర్ర దారం.

"వేరు గిల్లి వాసన చూడు" అంది.

నీలిపువ్వు వాసనే.

"విడిగా ఉంటే అరచేతంత ఆకేసి నేలమీద పరుచుకుంటుంది. ఇంతమంది మధ్య వెలుతురు కోసం ఇలా సాగిందే. పీకేటప్పుడే చెయ్యి ఆగింది. నువ్వు చదువుకున్నదానివి కదా అని పీకేశాను. ఇలాంటివి పదకొండు."

"ఊరుకో పెద్దమ్మా. గడ్డిపరక కోసం నోటికాడి కూడు పోగొట్టుకుంటామా?"

"బతికినదాన్ని చచ్చిందని రాస్తాడే ఆయన" అంది.

మర్నాడు నేను చూస్తుండగానే ఆ మొక్కలన్నీ సారు బల్ల మీద పరిచింది. "మీ నీలిపువ్వు ఓడిపోలేదు సారూ. రూపు మార్చుకుని బతికింది. పీకింది నేను."

సారు తాను రాసిన కాగితాలు రెండుగా చింపారు. "కలుపని గుర్తు పెట్టిందెవరు?"

"గుర్తేమీ లేదు. నా పొగరే."

పదకొండు కాండాల మీదా దారం ఒరుసుకున్న గీత ఉంది. దారాలు లేవు. నేను నోరు తెరవాల్సింది, తెరవలేదు. సారు ఆవిణ్ణి మరి రావద్దన్నారు.

ఇప్పుడు ఆ మడిలో కలుపు నేనే తీస్తున్నాను. ఇంట్లో పెద్దమ్మ నాతో మామూలుగానే మాట్లాడుతుంది. ఈ రోజు ఏం మొలిచాయని రోజూ అడుగుతుంది.