పిల్లకు నేను చూసిన ఇల్లు

మొన్న మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఉండే అమ్మాయి ఒక కుక్కపిల్లను చేతుల్లో పెట్టుకుని పైకి వచ్చింది. రోడ్డు మీద దొరికిందట, దానికొక మంచి ఇల్లు వెతుకుతోందట, ఫోనులో ఫోటో పెట్టగానే ఇద్దరు ముందుకొచ్చారట. ఒకరిది తోట ఉన్న సొంత ఇల్లు, ఇంకొకరిది అద్దెకు తీసుకున్న ఒంటిగది. ఎవరికివ్వమంటారు ఆంటీ అని అడిగి, జవాబు ముందే తెలిసినట్టు నవ్వింది. పొయ్యి మీద పాలున్నాయని వంక పెట్టి లోపలికి వెళ్ళి, వెలిగించని పొయ్యి ముందు కాసేపు ఊరికే నిలబడ్డాను.

తొంభైల మొదటి రోజుల మాట. అప్పట్లో మేం తొండియార్‌పేటలో, ఎనిమిది వాటాలకు ఒకే కుళాయి ఉన్న వరస ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళం. నాన్న హార్బరులో మూటలు మోసి మోసి నడుము పోగొట్టుకుని మంచాన పడ్డాడు గనుక, చదువు పదో తరగతితో ఆపి నేను అంబత్తూరులో ఫ్యాన్లకు కాయిల్ చుట్టే కంపెనీలో చేరాను. పొద్దున్నే రైలెక్కి, బేసిన్ బ్రిడ్జిలో దిగి ఇంకో రైలు మారి వెళ్ళేదాన్ని. తడి జడల్లో మల్లెపూల వాసనా, క్యారియర్లలోంచి సాంబారు వాసనా కలిసిపోయిన ఆ ఆడవాళ్ళ పెట్టె, నాతో పాటు ఆ దారిన తిరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా కంపెనీలో టీ కాచి పోసే అక్క మా స్టేషనుకు ముందే, తిరువొత్తియూరులో ఎక్కి, నాకోసం కిటికీ పక్క చోటు పట్టి ఉంచేది. మేమందరం ఆమెను టీ అక్క అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లలు కలగలేదు, సముద్రం ఒడ్డున గుడిసెలో ఒక్కతే ఉండేది.

ఒక వానాకాలం సాయంత్రం బేసిన్ బ్రిడ్జి మెట్ల కింద మూలుగుతున్న చిన్న కుక్కను ముందు చూసింది ఆమే. మట్టి రంగు ఒళ్ళు, ఒంటికి మించిన చెవులు. మెడకు ఎవరో కట్టిన తాడు లోపలికంటా కోసుకుపోయి ఉంది. కూరగాయలు కోసే చాకు లాంటిదేదో అరువడిగి తెచ్చి, దాన్ని బుజ్జగిస్తూ తాడు కోసింది కూడా ఆమే. కానీ ఆ వానలకు ఆమె గుడిసెలోకి నీళ్ళొచ్చి ఉన్నాయి. అందుకని దాన్ని నా వైరుబుట్టలో పెట్టుకుని నేను మా ఇంటికి తెచ్చాను. అమ్మ తిడుతూనే కొబ్బరినూనెలో పసుపు కలిపి పుండుకు రాసింది. పేరు పెడితే వదలలేమని, ఊరికే పిల్ల అని పిలిచేది. నాన్న మాత్రం దాని పళ్ళు చూసి, ఇది పిల్ల కాదు, ఎదిగిన కుక్కే, ఇంతకంటే పెరగదు అన్నాడు.

ఇంటి ఓనరమ్మ వారం రోజులు ఊరుకుంది. ఆ తర్వాత గుమ్మంలోకి వచ్చి, కుక్క ఉంటే మీరుండరు, మీరుంటే కుక్క ఉండదు అని తేల్చి చెప్పేసింది. ఆ రోజుల్లో యజమాని లేని కుక్క కంటపడితే కుక్కల బండి వాళ్ళు ఇనుప ఉచ్చు వేసి పట్టుకుపోయేవారు, ఆ బండెక్కిన కుక్క మళ్ళీ వచ్చేది కాదు. దాన్ని వీధిలో వదలడమంటే ఏమిటో మాకందరికీ తెలుసు.

దాన్ని పెంచుకుంటారా అని నాలుగు రోజులు కనపడ్డవాళ్ళందరినీ అడిగాను. ఐదో రోజు రైల్లో టీ అక్క నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, ఆ పిల్లని నాకియ్యి. నీళ్ళు తీసేసినాయి, ఇల్లు ఆరిపోయుండాది. నేను తినేదాంట్లోనే దానికింత పెడతా. ఆడికి పోతే నాకు మాత్రం ఎవురుండారు చెప్పు?"

ఆమె గుడిసె నేను ఒకసారి చూశాను. తాటాకు కప్పు, తలుపుకు బదులు గోనెపట్టా. అదే వారం మా సూపర్‌వైజరు గారు, వాళ్ళింటి కాపలాకి కుక్క కావాలని ఎవరితోనో అంటుండగా విన్నాను. అంబత్తూరులోనే సొంత ఇల్లు, చుట్టూ గోడ, నిలువెత్తు ఇనుప గేటు. ఆయనకు ఇప్పటికే మాటిచ్చేశానక్కా అని ఆమెతో అబద్ధం చెప్పి, ఆ మధ్యాహ్నమే ఆయన్ను అడిగాను. ఇంకా పెరుగుతుంది కదా అని ఆయన అడిగితే తల ఊపాను. నాన్న చెప్పింది నేను చెప్పలేదు.

ఆదివారం పిల్లను వాళ్ళింటికి తీసుకెళ్ళాను. నున్నటి గచ్చు మీద బుట్ట దించితే పిల్ల దిగనే లేదు. అంచు కరుచుకుని కూర్చుంది. బుట్టను ఒక పక్కకు వంచి దాన్ని కిందికి జార్చాల్సి వచ్చింది. వెనక ఆ గేటు మూసుకున్న చప్పుడు విని, దానికి ఇక ఏ భయమూ లేదనే అనుకున్నాను.

దీపావళికి మిఠాయి పట్టుకుని వెళితే పెరట్లో గిన్నె లేదు, గొలుసు లేదు. వాళ్ళావిడ కాఫీ ఇస్తూ మామూలుగా చెప్పింది. అది పెరగనూ లేదు, మొరగనూ లేదు, ఎందుకని గేటు తీసి బయటికి పంపేశారట. రెండు రోజులు గేటు ముందే పడుకుందట. మూడో రోజు బండి వచ్చిందట. నేను ఆ కాఫీ పూర్తిగా తాగాను. పెరగదని తెలిసీ దాచినదాన్ని, ఆవిడను ఏమని అనను?

మర్నాడు రైల్లో టీ అక్క అడిగింది, పిల్ల ఎట్లుండాదని. బాగుందక్కా అన్నాను. ఆ రోజు నుంచి, పైవాళ్ళను నేరుగా పలకరించే చనువు తనకు లేక, టీతో తనకిచ్చే రెండు వర్కీ బిస్కట్లలో ఒకటి కాగితంలో చుట్టి, సూపర్‌వైజరు గారికిచ్చి పిల్లకు పంపమని నా చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. నేను దాన్ని స్టేషనులో ఏదో ఒక కుక్కకు వేసేదాన్ని. కొన్నాళ్ళకు ఒళ్ళు చేసిందని, గేటు దగ్గర దర్జాగా కూర్చుంటుందని కొత్త కొత్త సంగతులు కూడా కల్పించి చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకునేది. దాదాపు ఏడాది సాగిందది.

ఆ తర్వాత ఆమె పనికి రావడం మానేసింది. కడుపులో ఏదో గడ్డ అన్నారు. ఎలాగైనా నిజం చెప్పేయాలని నిశ్చయించుకుని ఒక ఆదివారం తిరువొత్తియూరు వెళ్ళాను. గుడిసె బయట ఎండలో చాప మీద కూర్చుని ఉంది, మొహం పీక్కుపోయింది. నన్ను చూడగానే పక్కింటామెను కేకేసి పిలిచింది.

"ఇదోమ్మే, నేను చెప్తా ఉంటానే, ఆ పాప ఈమే. మా పిల్లని బంగళాలో పెట్టింది."

పక్కింటామె వెళ్ళాక నేను నోరు తెరిచాను. అక్కా, పిల్ల గురించి ఒక మాట, అని అన్నానో లేదో ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మంచి పని చేసినావు పాపా. ఆ పొద్దు నువ్వు ఇయ్యలేదని శానా కోపం వచ్చింది నాకు. నా దెగ్గిరుంటే ఇప్పుడు దాన్ని ఎవురు చూసుండేది? నేను పొయినా దానికి కూడు ఉండాది కదా, అది సాలు."

అవునక్కా అన్నాను. కాసేపు ఆమె కాళ్ళు నొక్కి, వేడినీళ్ళు కాచి ఇచ్చి, వచ్చేశాను. మార్గళి నెల, అదే ధనుర్మాసం, ముగియకముందే ఆమె పోయిందని కంపెనీలో ఎవరో చెప్పారు.

ఇప్పుడు కుక్కలను చంపడం లేదు. పట్టుకెళ్ళి, ఆపరేషను చేసి, చెవి కొస కత్తిరించి మళ్ళీ అదే వీధిలో దింపి వెళుతున్నారు. మా గేటు ముందే మూడు పడుకుంటాయి, ఎవరూ ఏమీ అనరు. అది చూసి సంతోషమే, కానీ ఆ సంతోషం నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. ఈమధ్య ఒక పెళ్ళికి తిరువొత్తియూరు వైపు వెళ్ళినప్పుడు, ఆ గుడిసెల వరస ఉన్న చోటికి నడిచాను. సముద్రం ఏటేటా లోపలికొచ్చి ఆ ఒడ్డునంతా తినేసింది, ఇప్పుడు అక్కడ కొండరాళ్ళు పేర్చారు. రాళ్ళ వెనక కంటైనరు లారీలు, రాళ్ళ ముందు నీళ్ళు. నిజం చెప్పే ధైర్యం వచ్చేసరికి నాకు అప్పటి టీ అక్క వయసు వచ్చింది. వినవలసిన మనిషి లేదు, ఆమె చాప వేసుకున్న నేల కూడా లేదు.