నల్లగా ఉండాల్సిన బిళ్ళలు

ఆ ఉదయం దుకాణంలో ఉన్నవి: రెండు త్రాసులు, ముద్ర వేసిన తూకపు రాళ్ళు, రేకు కత్తెర, సొట్టలు తీసే కొయ్య సుత్తి, నాయన స్కూటరు, చింతపండు నానేసిన బేసిను, నా ప్లాస్టిక్ డబ్బీ. ఉన్నవాళ్ళు: నాయన, పెద్దమ్మ, మా దగ్గర ఏళ్ళుగా పనిచేసే నౌకరు. నేను లేను. స్నానానికి ఇంటికి వెళ్ళాను. జరిగిందంతా ఆ కాస్త వ్యవధిలోనే జరిగింది.

మాది రాయచూరు బజారులో ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం. ఆయుధ పూజ నాడు అమ్మకం ఉండదు. ఎవరి పనిముట్లు వాళ్ళు కడిగి పీట మీద పెట్టాలి. నేను పరిశోధన విద్యార్థిని, నాకు సుత్తీ త్రాసూ లేవు. పోయినేడు ల్యాప్‌టాప్ పెడితే మీటల సందుల్లోకి కుంకుమ దిగి, సగం అక్షరాలు పడటం మానేశాయి. ఈసారి ఏమీ పెట్టనంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. సరేనని ఈ డబ్బీ పెట్టాను, మూత బిగించి. మూసిన డబ్బీకి ఏమవుతుందిలే అనుకున్నాను. మా ఇంట్లో మూసిన దేనికీ పూజ చేయరన్న సంగతి తట్టలేదు.

డబ్బీలో వేలిగోరంత టంగ్‌స్టన్ బిళ్ళలు నాలుగు. సూర్యుడిలో జరిగే కేంద్రకాల కలయికను భూమ్మీద జరిపించే యంత్రాలకు లోపలి గోడ ఈ లోహంతో చేస్తారు. ఆ గోడకు హీలియం ప్లాస్మా తగులుతూ ఉంటుంది. హీలియం అంటే బెలూన్లలో నింపే వాయువే, కాకపోతే విపరీతమైన వేడిలో, విద్యుదావేశంతో. దాని పరమాణువులు లోహంలోకి దూరతాయి, దేనితోనూ కలవవు, తమలో తాము పోగై సన్నని బుడగలు కడతాయి. బుడగలు ఉబ్బి పైపొరను తోస్తాయి. చివరికి అద్దంలాంటి లోహం మీద, కంటికి కనిపించనంత సన్నని పోగులతో నూగు మొలుస్తుంది. పడిన వెలుగు ఆ పోగుల్లో చిక్కుకుని బయటికి రాదు. అందుకే బిళ్ళ మఖమల్ గుడ్డలా నల్లబడుతుంది. వేలితో ఒకసారి రుద్దితే నూగు పోతుంది. ఏ వేడికి ఎంత నూగు వస్తుందో కొలవడం నా పని. నాలుగు బిళ్ళలు, నాలుగు ఉష్ణోగ్రతలు. వేరే ఊళ్ళోని ప్లాస్మా యంత్రం మీద నా వంతు కోసం ఏడాది ఆగి చేయించుకున్నవి. పండుగ కాగానే హైదరాబాదులో సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. దారిలో ఇల్లు కదా అని దిగాను.

తిరిగి వచ్చేసరికి పీట మీద, కత్తెర పక్కన, మూడు బిళ్ళలు తళతళా మెరుస్తున్నాయి. నాలుగోది డబ్బీ అడుగున, బిళ్ళలు కదలకుండా వేసిన జిగురు పొరకు గట్టిగా అతుక్కుపోయింది. చెంచా కాడతో దాన్ని లేపబోతోంది పెద్దమ్మ.

చేయి అడ్డం పెట్టాను. ఆమెకు కోపం వచ్చింది.

"గిట్ల మసి పట్టినయి పూజల పెడ్తార్రా? ఇత్తడి దుకాణం పిల్లగానివి, ఎవరన్న జూస్తే నవ్వుతరు."

"అది మసి కాదు పెద్దమ్మా. నూగు. లోహం మీద మొలిచింది."

"నలభై ఏండ్ల సంది గిన్నెలు తోముతున్న. ఒక్క గిన్నెకన్న మీసం రాలే."

నౌకరు మొహం తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను హీలియం గురించి, బుడగల గురించి, చిక్కుకున్న వెలుగు గురించి చెప్పాను. వరసగా, అంశం తర్వాత అంశం. పెద్దమ్మ ఓపిగ్గానే విన్నది. విని, వేలు తగిలితే పోయేదానికి ఇంత చదువెందుకని అడిగి, మళ్ళీ చెంచా అందుకుంది. మూడు మెరుస్తుంటే ఒకటి నల్లగా ఉండటం దుకాణానికి మంచిది కాదట.

అప్పటిదాకా త్రాసు గొలుసు తుడుస్తున్న నాయన తల ఎత్తకుండానే అన్నాడు:

"వదినె, దాన్ని తూకపు రాయి అనుకో. రాళ్ళను మనం తోముతమా?"

"తోమితె తూకం పోతది గద."

"దీనికీ పోతది. జరా ఇడిసిపెట్టు."

పెద్దమ్మ చెంచా కింద పెట్టింది. అంతే. ముద్ర పడ్డ రాళ్ళకు మా దుకాణంలో చింతపండు తగలనివ్వరు, పొడిగుడ్డతో తుడుస్తారంతే. అది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నేను చెప్పిన భౌతికశాస్త్రంలో ఒక్క వాక్యమూ పనిచేయలేదు. ఆ కసి ఇప్పటికీ పోలేదు. పైగా ఆ మాట నాయన ఓ పావుగంట ముందే అని ఉండాల్సింది. అడిగితే, ముందే చెబితే మీ పెద్దమ్మ వింటదా అన్నాడు.

బొట్టు దగ్గర మళ్ళీ పేచీ. చివరికి డబ్బీ మూత వేసి, మూత మీద పెట్టడానికి ఒప్పందం కుదిరింది. మిగతా మూడింటికీ పెద్దమ్మ మధ్యలో గుండ్రంగా పెట్టింది. చాలా చక్కగా కుదిరాయని నాకే చూపించింది.

మా గైడు ఫోనులో అంతా విని, "చింతపండా?" అని అడిగారు. ఔనన్నాను. ప్లాస్మా యంత్రానికి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నారు.

హైదరాబాదులో నాలుగో బిళ్ళను చూశాను. నూగు చెక్కుచెదరలేదు. గ్రాఫులో ఉండాల్సిన చుక్కలు నాలుగు. ఉన్నది ఒకటి.