గ్లౌజులు తీయని వీబెకె

యుట్లాండ్‌లోని ఒక పాల ఫ్యాక్టరీలో, ఎపాక్సీ అనే రసాయనపు పూత వేసిన నేల మీద వీబెకె మోకాళ్లపై పాకుతూ, సుత్తి పిడితో తడుతూ, చెవి వంచి వింటుంది. డొల్లగా మోగిన చోట పూత లేచిపోయిందని అర్థం. అక్కడ గీకి, కొత్త పూత కలిపి పోసి, బూడిదరంగు ఆకాశపు ముక్కను పరిచినట్టు తాపీతో సాపు చేస్తుంది. ఈమధ్య ఆమె గ్లౌజులు తీయడం లేదు. కనురెప్పలు ఉబ్బి ఉంటున్నాయి. ఎవరైనా అడిగితే, పుప్పొడి పడలేదంటుంది. బయట చూస్తే మంచు. ఎపాక్సీ ఒకసారి ఒంటికి పడకపోతే ఇక జన్మలో పడదు. అలాంటివాళ్లు దాన్ని ముట్టుకోకూడదని చట్టం. వీబెకెకు మరో పని రాదు.

శుక్రవారం పొద్దున ముఠా అంతా కలిసి రొట్టెలు తినడం ఆనవాయితీ. ఏదో ఒక వంకతో తప్పించుకుంటున్న ఆమెను ఈసారి మేస్త్రీ ప్రెబెన్ పట్టి కూర్చోబెట్టాడు. "ఏమే, మహారాణివయ్యావా? గ్లౌజులతో వెన్న రాస్తున్నావ్!" "చలేస్తోందిరా." "హీటరు పక్కనే కూర్చుని చలేంటే!" అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ప్రెబెన్ గ్లౌజు కొస పట్టి లాగాడు. దాంతోపాటు చర్మపు పొర ఊడి వచ్చింది. వేళ్ల సందుల్లో పగుళ్లు, నెత్తుటి చెమ్మ. నవ్వులు ఆగిపోయాయి. "ఆఫీసులో చెప్పకురా," అంది వీబెకె. ప్రెబెన్ ఆమె ముఖంలోకి చూడలేదు. రొట్టె కోసి, అంచులదాకా వెన్న రాసి, ఆమె ముందు పెట్టాడు. "తిను. నువ్వు తినేదాకా ఆఫీసుకి ఫోన్ చెయ్యనులే." వీబెకె ఆ రొట్టెను ఎంత నెమ్మదిగా నమలగలదో అంత నెమ్మదిగా నమిలింది.