ఎడమ ముందు టైర్‌లో ముప్పై ఎనిమిది

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయే రకం. భయమేసి కాదు, విసుగేసి. పదిహేనేళ్లుగా నా ఉద్యోగం కార్ల సెన్సర్లతో. సెన్సర్ తప్పు చెబితే దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. పోయిన శీతాకాలం వరకూ నాకు దొరక్కుండా పోయిన కారణం లేదు.

మేముండేది మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో. మా వీధి చివర ఇల్లు డాక్టర్ సుభద్ర గారిది. మైక్రోస్కోప్ కింద స్లైడ్లు చూసి రోగం తేల్చే పాథాలజిస్ట్‌గా పనిచేసి రిటైరయ్యారు, డెబ్బై ఏళ్లు దాటాయి. ఆవిడ భర్త విశ్వనాథం గారు కార్ల ఇంజనీరు. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు పని నేర్పిన మనిషి. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన కొన్న పాత ఎలక్ట్రిక్ కారునే ఆవిడ ఇంకా నడుపుతున్నారు.

నవంబర్‌లో ఆ కారులో టైర్ గాలి తగ్గిందని చెప్పే పసుపు లైటు వెలిగింది, ఇక ఆరలేదు. చూస్తే టైర్లు బాగానే ఉన్నాయి. చక్రాల లోపల ఉండే సెన్సర్లలో బ్యాటరీలు అయిపోయాయి. పదేళ్లు దాటాక అది మామూలే. బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు, సెన్సరే మార్చాలి.

పైగా ఆ పాత కారు ఏ టైర్‌లో ఎంత గాలి ఉందో చెప్పదు, లైటు వెలిగించి ఊరుకుంటుంది. ఎలాగూ మారుస్తున్నాం కదా అని నాలుగు కొత్త సెన్సర్లు, కొత్త రిసీవర్, నాలుగు టైర్ల ప్రెషర్ విడివిడిగా చూపించే చిన్న డిస్‌ప్లే తెప్పించాను. టైర్ షాపులో వాటిని పెట్టించాను. ఒక్కో సెన్సర్‌కి అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక్కో నంబర్ ఉంటుంది. అది తన నంబర్‌ని, గాలి ఎంతుందో రేడియోలో పంపుతుంది. రిసీవర్‌కి ఆ నాలుగు నంబర్లూ నేర్పాలి. ఆ పని నేనే చేశాను. పాత సెన్సర్లకి ఫొటో తీసి, బిస్కెట్ల రేకు డబ్బాలో వేసి, మా గరాజ్‌లో పెట్టాను.

మూడు వారాలకి సుభద్ర గారు ఫోన్ చేశారు. చలికి మిగతా మూడు టైర్లలో గాలి ముప్పై మూడు పీఎస్‌ఐకి దిగింది. ఎడమ ముందు టైర్ మాత్రం ముప్పై ఎనిమిది చూపిస్తోంది. వెళ్లి గాలి కొలిచే గేజ్ పెట్టి చూశాను. అందులోనూ ముప్పై మూడే ఉంది.

తప్పు చూపించడం వింత కాదు. ఆ అంకె అసలు కదలకపోవడం వింత. గాలి చలికి తగ్గుతుంది, కారు నడిచాక వేడికి పెరుగుతుంది. ఇది పొద్దున చూసినా, ఇరవై మైళ్లు తిరిగొచ్చి చూసినా ముప్పై ఎనిమిదే.

విశ్వనాథం గారు టైర్లలో ఎప్పుడూ ముప్పై ఎనిమిది పెట్టేవారు. ఛార్జ్ కొంచెం ఎక్కువ దూరం వస్తుందని ఆయన పట్టుదల. నాకది గుర్తొచ్చింది గానీ పైకి అనలేదు. ఆవిడే అన్నారు.

"మీ అంకుల్ నంబర్ చూపిస్తోంది. అలాగని దాన్ని నమ్మి డ్రైవ్ చేయలేను కదా. బాగు చెయ్యి."

రెండుసార్లు నంబర్లన్నీ చెరిపి మళ్లీ నేర్పాను. ఒకరోజు బాగుండేది, మర్నాటికి మళ్లీ అదే అంకె. షామ్‌బర్గ్‌లో ఉన్న సుభద్ర గారి కూతురికి నెలలు నిండాయి. ఆవిడ ఒక్కరే ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లాలి. అందుకే జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం కారుకి నా లాప్‌టాప్ తగిలించి, వచ్చే సిగ్నళ్లన్నీ రికార్డు చేస్తూ, ఆవిడ పక్కన కూర్చుని ఫ్రీవే ఎక్కించాను.

ఇరవై నిమిషాలకి ముప్పై ఎనిమిది ముప్పై ఏడైంది. ఇన్నాళ్లలో అది కదలడం అదే మొదలు. లోపం బయటపడుతోందని సంతోషించాను. ముప్పై ఐదు. ముప్పై రెండు. ఆవిడ అప్పటికే ఇండికేటర్ వేశారు.

"అది ఫాల్స్ రీడింగ్ ఆంటీ, పోనివ్వండి. నాకు ఇంకాస్త డేటా కావాలి," అన్నాను.

"టైర్ చూశావా?"

"లేదు."

"స్లైడ్ చూడకుండా నేనెప్పుడూ రిపోర్ట్ సైన్ చేయలేదు, కిరణ్."

ఎగ్జిట్ తీసుకుని గ్యాస్ స్టేషన్‌లో ఆపారు. గేజ్ పెట్టాను. ఇరవై నాలుగు. డిస్‌ప్లేలోనూ ఇరవై నాలుగే. వంగి చూస్తే టైర్ లోపలి వైపు గోడ చీరుకుపోయి, నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. డెబ్బై మైళ్ల స్పీడులో అది పేలితే ఏమయ్యేదో నాకు తెలుసు. పోనివ్వమన్నది నేనే. 

కారుని టో చేయించి టైర్ షాపుకి తీసుకెళ్లాం. మెకానిక్ టైర్ విప్పాడు. లోపల నేను పెట్టించిన కొత్త సెన్సర్ రెండు ముక్కలై ఉంది, బ్యాటరీ ఊడిపోయి విడిగా దొర్లుతోంది. ఏదో గుంతలో పడ్డప్పుడు విరిగి ఉంటుందన్నాడు. విరిగిన అంచులు అరిగి నున్నగా ఉన్నాయి, ఇది ఇవాళ్టిది కాదు, వారాల కిందటిదని చూపించాడు.

మరి ఇరవై నాలుగు అని చెప్పింది ఎవరు?

ఇంటికొచ్చి రికార్డు తెరిచాను. ఎడమ ముందు టైర్ పేరు మీద వచ్చిన నంబర్ నేను నేర్పిన నాలుగింటిలో లేదు. నవంబర్‌లో తీసిన ఫొటోతో పోల్చాను. పాత ఎడమ ముందు సెన్సర్ నంబర్, ఒక్క అక్షరం తేడా లేదు. ఆ నంబర్‌ని ఈ రిసీవర్‌కి ఎవరూ నేర్పలేదు. నేనే పొరపాటున కొత్త సెన్సర్‌లోకి ఎక్కించానేమోనని సెన్సర్లకి నంబర్లు ఎక్కించే టూల్‌లో హిస్టరీ అంతా చూశాను. లేదు. ఎక్కించి ఉన్నా, విరిగిన సెన్సర్ దేన్నీ పంపలేదు.

గరాజ్‌లో రేకు డబ్బా మూత తీశాను. పాత సెన్సర్ అందులోనే ఉంది. కోసి బ్యాటరీకి మీటర్ పెట్టాను. సున్నా.

కథంతా చెప్పకుండా రికార్డు మాత్రం ఆఫీస్‌లో ఒక ఫ్రెండ్‌కి పంపాను. టైర్‌లో ఉన్న మంచి సెన్సర్, మామూలు లీక్, ఇందులో ప్రాబ్లెం ఏముందని తిరిగి నన్నే అడిగాడు.

కొత్త టైర్, కొత్త సెన్సర్ పెట్టించాను. ఇప్పుడది మిగతా మూడింటిలాగే చలికి దిగుతోంది, ఎండకి పెరుగుతోంది. సుభద్ర గారు షామ్‌బర్గ్ వెళ్లి, మనవరాలిని ఎత్తుకుని, నెల తర్వాత తిరిగొచ్చారు. వచ్చాక ఒకరోజు, ఇంతకీ ఏమైందని అడిగారు.

"సెన్సర్ విరిగిపోయింది, ఆంటీ."

"విరిగింది గాలి ఎంతుందో ఎలా చెప్పింది?"

తెలియదన్నాను. ఆవిడ ఊరుకోలేదు, రికార్డు చూపించమన్నారు. ఆ నంబర్ ఎక్కడిదో చెప్పి, ఫొటో కూడా పక్కన పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, రెండుసార్లు పోల్చుకున్నారు. తర్వాత ఆ పేజీ ప్రింట్ తీసి ఇమ్మన్నారు. ఇచ్చాను. మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నారు.

 ఆ రికార్డు ఇప్పటికీ తెరిచి చూస్తుంటాను. అందులో తప్పేమీ కనిపించదు. అదే నాకు అర్థం కాదు.